లాంచీ రేవుల్లో మునిగి ఉన్న మోకుల మీది చిన్న జీవులను సేకరించడం, వేరు చేయడం, గుర్తుపట్టడం: సమగ్ర మార్గదర్శి

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "సార్, విశాఖపట్నం టూర్‌కు పోతున్నం, లాంచీలు కట్టే కాడ మోకులకు పట్టుకొని ఉండే చిన్న జీవులను తేవాలంటే ఎట్ల?" చెప్పకుండా వెళ్ళి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సీసాల్లో ఎక్కువ భాగం నాచు, బురద, కొద్దిగా కాళ్ళు విరిగిన తొక్కలు ఉంటాయి. వాళ్ళ శ్రద్ధకు లోటేమీ లేదు, పనులు చేసిన వరుస తప్పింది. ఆ వరుసను ఇక్కడ మొదటి నుంచి రాస్తున్నాను.

సముద్రం మనకు దూరమని వెనుకాడవలసిన పని లేదు. రేవులో చేసే పని ఒక్క పూటలో పూర్తవుతుంది. ఆ తరువాత వారాల తరబడి ట్రే ముందు కూర్చొని చేసే పని అంతా నల్లగొండలోని మన ప్రయోగశాలలోనే జరుగుతుంది.

1. దేని కోసం వెళ్తున్నారో ముందుగా తేల్చుకోండి

రేవులో నీటి అడుగున ఉన్న ఏ వస్తువైనా, అది సిమెంటు స్తంభం కావచ్చు, లాంచీ గోడకు ఒరుసుకోకుండా వేలాడదీసిన టైరు కావచ్చు, కట్టు మోకు కావచ్చు, కొన్ని వారాల్లోనే జీవులతో నిండిపోతుంది. ఆ పొరలో ఆల్చిప్పలు, స్పంజికలు, నాచు, చిన్న పొదల్లా పెరిగే బ్రయోజోవన్లు (గుంపులుగా కలిసి బతికే అతి చిన్న జంతువులు) ఉంటాయి. మనకు కావలసినవి వాటి సందుల్లో బతికే కీళ్ళకాళ్ళ జీవులు, అంటే ఆర్థ్రోపోడా. వాటిలో చాలావరకు 2 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవు మించవు.

ముఖ్యమైనవి మూడు గుంపులు, మూడూ రొయ్య, పీతల వర్గానికి (క్రస్టేషియన్లకు) చెందినవే: ఆంఫిపోడ్లు, ఐసోపోడ్లు, టనాయిడ్లు. ఈ మూడింటిలోనూ తల్లి తన పొట్ట కింది సంచిలో గుడ్లను మోసి, దాదాపు తన రూపంలోనే ఉండే పిల్లలను బయటికి వదులుతుంది. నీటిలో కొట్టుకొనిపోయే లార్వా దశ వీటికి లేదు. కనుక ఒక రేవు నుంచి దూరపు రేవుకు చేరాలంటే ఇవి పడవ అడుగునో, తేలే వస్తువునో పట్టుకొని ప్రయాణం చేయవలసిందే. శ్రీలంక జలాల నుంచి 1905లో వర్ణించిన స్ఫీరోమా వాకెరి అనే ఐసోపోడ్, మారిషస్ నుంచి 1836లో వర్ణించిన కాప్రెల్లా స్కౌరా అనే ఆంఫిపోడ్ ఈనాడు మధ్యధరా సముద్రపు విహార రేవుల్లోనూ దొరుకుతున్నాయి. ప్రతి నమూనాతో పాటు మీరు వివరాలు రాసి వేసే చిట్టీలో "ఇక్కడ కట్టే పడవలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని రోజులు కదలకుండా ఉంటాయి" అనే వివరం తప్పక ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

వీటితో పాటు రాతికీ మోకుకూ అతుక్కొని పెరిగే బార్నకిల్స్, హార్పాక్టికాయిడ్ కోపెపోడ్లు (మిల్లీమీటరంత సన్న జీవులు), ఆస్ట్రకోడ్లు (రెండు పెంకుల మధ్య ఉండేవి), సముద్ర సాలెపురుగులు కూడా రావచ్చు. మొదటి ప్రాజెక్టుకు ఒకటి రెండు గుంపులే ఎంచుకోండి. అన్నీ చేయాలనుకుంటే ఏదీ పూర్తికాదు.

2. కాలం, చోటు, అనుమతి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉన్న కాలం మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తరాది నదుల మంచినీరు తీరం వెంట దక్షిణానికి దిగివచ్చి విశాఖ దగ్గర పైనీటి ఉప్పదనాన్ని బాగా తగ్గిస్తుంది. అవి తుపాన్ల నెలలు కూడా.

చోటును ఎంచుకునేటప్పుడు తేలే కట్టడానికీ, పాతిన కట్టడానికీ తేడా గమనించండి. విశాఖలో ఆటుపోట్ల మధ్య నీటిమట్టం ఒకటిన్నర మీటరు లోపు మారుతుంది. పాతిన స్తంభం పైభాగం రోజుకు రెండుసార్లు బయటపడుతుంది కాబట్టి అక్కడ ఎండను తట్టుకొనే బార్నకిల్స్ ఎక్కువగా ఉంటాయి. తేలే జెట్టీ, దానికి కట్టిన మోకు నీటితో పాటే లేచి దిగుతాయి కాబట్టి వాటి అడుగుభాగం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మెత్తని ఆంఫిపోడ్లు అక్కడే దట్టంగా దొరుకుతాయి. స్తంభం నుంచి తీయవలసి వస్తే అమావాస్యకో పౌర్ణమికో దగ్గరి రోజుల్లో, ఆటు సమయానికి చేరుకోండి. అష్టమి, నవమి ప్రాంతంలో నీరు అంతగా దిగదు.

అనుమతి లేకుండా ఒక్క మోకునూ ముట్టుకోకూడదు. విశాఖపట్నం తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. ఓడరేవు పరిధిలో చాలాచోట్ల ప్రవేశానికీ, ఫొటోలకూ ఆంక్షలు ఉన్నాయి. ప్రిన్సిపాల్ సంతకంతో, ఏ రోజు, ఎంతమంది, ఏ పని అన్న వివరాలతో కనీసం నెల ముందు ఉత్తరం పంపండి. విశాఖలో ఏదైనా కళాశాల లేదా విశ్వవిద్యాలయ ప్రయోగశాల ఒకటి రెండు రోజులు బల్ల ఇవ్వడానికి ఒప్పుకొనేలా మీ అధ్యాపకుల ద్వారా మాట్లాడించండి. ఆ బల్ల ఎంత ముఖ్యమో 7వ భాగంలో తెలుస్తుంది.

పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. మోకు మీద అవి కనిపిస్తే ఆ మోకును వదిలి పక్క మోకుకు వెళ్ళండి.

3. సామాను

ఖరీదైనది ఏదీ అక్కరలేదు. నల్లగొండ ప్రకాశం బజారులోనో, మీ ఊరి హార్డ్‌వేర్ దుకాణంలోనో సగానికి పైగా దొరుకుతుంది.

☐ గోడలకు పుట్టీ గీకే వెడల్పాటి బ్లేడు, పిడి ఉన్నది
☐ పెద్ద జిప్ కవర్లు, ఒక్కొక్క నమూనాకు రెండు చొప్పున
☐ 500 మైక్రాన్ల జల్లెడ (సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో మట్టి పరీక్షకు వాడేది సరిపోతుంది)
☐ తెల్లని అడుగు ఉన్న రెండు ట్రేలు, మూడు బకెట్లు
☐ వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలు, మూత లోపల రబ్బరు వాషరు ఉన్నవి
☐ మెత్తని ఫోర్సెప్స్, 1వ నంబరు చిత్రలేఖన బ్రష్, డ్రాపర్లు
☐ ట్రేసింగ్ పేపరు, మెత్తని పెన్సిల్
☐ మందమైన రబ్బరు చేతితొడుగులు, లైఫ్ జాకెట్
☐ థర్మామీటరు, రొయ్యల చెరువుల రైతులు ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు
☐ మెగ్నీషియం క్లోరైడు, ఫార్మలిన్, బోరాక్స్ (విశాఖ ప్రయోగశాలలోనే సమకూర్చుకోవాలి)

చేతితొడుగులు లేకుండా ఎవరినీ పనిలోకి దించకండి. బార్నకిల్ అంచు పగిలిన సీసా పెంకులా కోస్తుంది, ఆ గాయం తొందరగా మానదు.

4. నాగార్జునసాగర్‌లో ఒక రోజు సాధన

సముద్రం దగ్గర మొదటిసారి చేయి పెట్టే ముందు అదే పనిని మన నీళ్ళలో ఒకసారి చేసి చూడండి. నాగార్జునసాగర్ లాంచీ స్టేషనులోగానీ, కొల్లాపూర్ దగ్గరి సోమశిల లాంచీ రేవులోగానీ అక్కడి సిబ్బందిని అడిగి, తేలే వేదికకు కట్టిన ఒక పాత మోకు మీద ఇదే వరుస మొత్తం ఆచరించండి. డ్యాం సమీపానికి వెళ్ళకూడదు, నీళ్ళలోకి దిగకూడదు, కృష్ణలో మొసళ్ళున్నాయి.

ఇక్కడ దొరికేవి వేరు. మంచినీటి మోకు మీద కీటకాల పిల్లదశలదే రాజ్యం: ఎర్రని కైరోనమిడ్ (దోమను పోలిన, కుట్టని ఈగ) లార్వాలు, మేఫ్లై పిల్లలు, తూనీగ పిల్లలు, వాటితో పాటు చిన్న రొయ్యలు, ఆస్ట్రకోడ్లు. ఉప్పునీటి మోకు మీద కీటకాల స్థానాన్ని క్రస్టేషియన్లు ఆక్రమిస్తాయి. రెండు ట్రేలనూ పక్కపక్కన చూసిన విద్యార్థికి ఈ భేదం పుస్తకంలో చదివినదానికన్నా బాగా మనసుకు పడుతుంది.

మోకు మీద పెరుగుదల పలచగా ఉంటే గిన్నెలు తోమే నైలాన్ పీచు ఉండలను (స్టీలువి కాదు) వరుసగా తాడుకు కట్టి, చివర రాయి వేసి, మీటరు లోతున వేలాడదీయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు వాటి సందుల్లో జీవులు చేరుతాయి. అన్ని ఉండలూ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి లెక్కలు పోల్చడం సులువు. విశాఖలో తెలిసినవారు ఉంటే, అనుమతితో అక్కడా ఇలాగే ముందుగా కట్టించవచ్చు.

5. రేవులో: మోకు నుంచి సంచిలోకి

ఈ పనిలో ఫలితాన్ని నిర్ణయించే నిమిషం ఇక్కడ ఉంది. చాలామంది మోకును చకచకా పైకి లాగి, జెట్టీ మీద పరచి, అప్పుడు సంచి వెతుకుతారు. మోకు నీటిమట్టం దాటగానే దాని నుంచి నీరు ధారలుగా కారుతుంది, ఆ ధారలతో పాటే ఆంఫిపోడ్లు గుంపులుగా జారిపోతాయి. ఒకసారి ఒక విద్యార్థి అలా లాగుతుండగా కింద తెల్లని ట్రే పట్టాను. మోకు పూర్తిగా పైకి వచ్చే లోపే ట్రేలో ఆవాలు చల్లినట్టు జీవులు గిలగిలలాడుతూ కనిపించాయి. ఆ పూట ఆయన సంచిలో మిగిలినవాటి కంటే ట్రేలో పడినవే ఎక్కువ. కాబట్టి సంచి ముందు, లాగడం తరువాత.

వరుస ఇది:

అ. ముందుగా నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, సమయం, నీటి లోతు, మోకు ఉన్న చోటు, కట్టి ఉన్న పడవ రకం రాసుకోండి. తడి చేతులతో తరువాత రాయలేరు.

ఆ. ఇద్దరు పని చేయాలి, మూడో మనిషి కేవలం రాయాలి. పడవకూ జెట్టీకీ మధ్యనున్న సందులో చేయిగానీ కాలుగానీ పెట్టకూడదు. అల వస్తే ఆ సందు క్షణంలో మూసుకుపోతుంది.

ఇ. మోకును నీటిలోనే ఉంచి, మెల్లగా, నీటిమట్టానికి ఒక చెయ్యి లోతు వరకు తీసుకురండి. రెండో వ్యక్తి పెద్ద జిప్ కవరును నీటిలోనే తెరిచి, మోకు మీద ఉన్న గుబురును కింది నుంచి పైకి కవరులోకి వచ్చేలా తొడగాలి, దిండుకు గలీబు తొడిగినట్టు.

ఈ. కవరు మూతి మోకు చుట్టూ బిగించి పట్టుకొని, లోపల ఉన్న గుబురును బ్లేడుతో అడుగు నుంచి కోయండి. గుబురు, నీరు, జారిపోయిన జీవులు మూడూ కవరులోనే ఉండాలి. ఇప్పుడు పైకి తీయండి.

ఉ. చిట్టీని కవరు లోపల వేయండి. మరొక కవరులో దీన్ని పెట్టి నీడలో, తడి గోనెసంచి కింద ఉంచండి. ఎండలో పావుగంట ఉంచినా నీరు వేడెక్కి జీవులు చచ్చి కుళ్ళడం మొదలవుతుంది.

స్తంభం మీదైతే 20 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తీగ చట్రాన్ని ఆనించి, దాని లోపల ఉన్నది మాత్రమే గీకండి. గీకేటప్పుడు చట్రం కింద కవరు తప్పనిసరి. పడవ అడుగును మాత్రం గీకవద్దు. దానికి జీవులు పట్టకుండా వేసిన రంగులో రాగి వంటి విషపదార్థాలు ఉంటాయి. ఆ రంగు పెచ్చులు నమూనాలోకి వస్తే జీవులు పాడవుతాయి, మీ చేతులకూ మంచిది కాదు. పైగా అది వేరొకరి ఆస్తి.

ఒక రేవు నుంచి కనీసం ఐదు వేర్వేరు మోకుల నమూనాలు తీసుకోండి. ఒకే మోకు నుంచి ఐదు గుబురులు తీస్తే అవి ఐదు నమూనాలు కావు, ఒక్క మోకు గురించిన ఐదు ముక్కలు అవుతాయి. ఈ తేడాను పరీక్షకులు తప్పక అడుగుతారు.

6. మత్తు, కడగడం, జల్లెడ

బతికి ఉన్న ఆంఫిపోడ్‌ను నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే అది బిగుసుకొని వంకరపోతుంది. గర్భిణి జీవులు సంచిలోని గుడ్లను వదిలేస్తాయి, టనాయిడ్ తాను కట్టుకున్న గొట్టపు గూడులోనే చచ్చిపోయి బయటికి రాదు. ముందుగా మత్తు ఇస్తే ఈ మూడు బాధలూ తప్పుతాయి.

ఒక లీటరు మంచినీటిలో సుమారు 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు (స్ఫటిక రూపంలో దొరికేది) కరిగించి, ఆ ద్రావణాన్ని కవరులోని సముద్రపు నీటితో సమంగా కలపండి. పదిహేను నుంచి ఇరవై నిమిషాల్లో జీవుల పట్టు సడలుతుంది. అది దొరకకపోతే గుబురును మంచినీటి బకెట్‌లో కొద్ది నిమిషాలు ముంచి ఉంచండి. ఉప్పునీటి జీవులు మంచినీటికి తట్టుకోలేక పట్టు వదిలి కిందికి రాలుతాయి. ఈ పద్ధతిలో కొన్ని ఉబ్బుతాయి. లెక్కకు పనికి వస్తాయిగానీ బొమ్మ గీయడానికి అంత బాగుండవు.

తరువాత గుబురును బకెట్‌లో చేత్తో పట్టుకొని, పాలకూర కడిగినట్టు ముంచి లేపుతూ మెల్లగా కడగండి. పిసకవద్దు, పిండవద్దు. మూడు బకెట్ల నీటిలో వరుసగా కడిగి, ఆ నీళ్ళన్నింటినీ 500 మైక్రాన్ల జల్లెడలో పోయండి. జల్లెడను నీటిలో సగం మునిగేలా పట్టుకొని పోస్తే జీవులు రంధ్రాలకు ఒరుసుకోవు. జల్లెడను తిప్పి, వెనుక నుంచి పిచికారీ సీసాతో నీరు చిమ్ముతూ, మిగిలినదాన్ని సీసాలోకి దింపుకోండి.

కడిగిన గుబురును పారేయకండి. ఒక కొలత గ్లాసులో నీరు పోసి, గుబురును ముంచి, నీరు ఎంత పైకి లేచిందో రాసుకోండి. 9వ భాగంలోని లెక్కకు ఈ సంఖ్యే ఆధారం. దీన్ని మరచిపోయిన నమూనాతో జాతుల జాబితా మాత్రమే రాయగలరు, సాంద్రత చెప్పలేరు.

పని ముగిశాక సామాను మొత్తం మంచినీటిలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. మిగిలిన జీవాలను వేరొక రేవులోగానీ, మరొక చోటి నీటిలోగానీ వదలకూడదు.

7. నిల్వ ద్రవం, రైలు ప్రయాణం

మన ప్రాంతం నుంచి వెళ్ళేవారికి అన్నిటికంటే చిక్కు తెచ్చే అంశం ఇది. విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా వెళ్తుంది, రాత్రి ఎక్కితే పొద్దున దిగవచ్చు. అయితే మండే ద్రవాలను రైలులో వెంట తీసుకుపోవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. స్పిరిట్ నింపిన ఇరవై సీసాలతో రైలెక్కాలనే ఆలోచనే పెట్టుకోవద్దు.

నేను అనుసరించే దారి ఇది. విశాఖలో సమకూర్చుకున్న బల్ల మీదే నమూనాలను ఫార్మలిన్‌లో ఉంచాలి. దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, సముద్రపు నీరు తొమ్మిది వంతులు కలిపితే సుమారు 4 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం అవుతుంది. అందులో చిటికెడు బోరాక్స్ వేయండి. లేకపోతే ద్రావణం పులిసి, జీవుల తొక్కలోని సున్నాన్ని తినేస్తుంది. కిటికీలు తెరిచి, చేతితొడుగులతో, కళ్ళద్దాలతో మాత్రమే కలపాలి. ఫార్మలిన్ ఆవిరి క్యాన్సర్ కలిగించగలదు.

ఇరవై నాలుగు గంటల తరువాత ద్రావణాన్ని అక్కడి ప్రయోగశాల వ్యర్థాల సీసాలో పోసి, నమూనాలను నీటితో మూడు నాలుగుసార్లు కడగండి. తడి మస్లిన్ గుడ్డలో చుట్టి, చిట్టీతో సహా బిగుతు మూత సీసాలో పెట్టండి. ఇలా ఫార్మలిన్ పట్టిన కండ తడిగా ఉన్నంతవరకు రెండు మూడు రోజులు చెడదు. ఇంటికి చేరగానే 70 శాతం ఆల్కహాలులోకి మార్చండి. కళాశాలకు ఇథనాల్ అనుమతి లేకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు బోధన నమూనాలకు సరిపోతుంది.

డీఎన్ఏ పరీక్ష చేయదలచినవారికి ఈ దారి కుదరదు, ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. వారు 95 శాతం ఇథనాల్‌లో వేసిన కొన్ని జీవులను ఆతిథ్యమిచ్చిన ప్రయోగశాలలోనే ఉంచి, వారి ద్వారానే పరీక్షకు పంపించుకోవాలి.

చిట్టీల గురించి ఒక మాట. నా మొదటి ప్రయాణంలో 14 సీసాల చిట్టీలు బాల్‌పెన్‌తో రాశాను. స్పిరిట్‌లో వారం తిరిగేసరికి కాగితం నీలంగా మారి, అక్షరం ఒక్కటీ మిగలలేదు. ఏది తేలే మోకుదో, ఏది స్తంభానిదో చెప్పలేక ఆ సీసాలన్నింటినీ పక్కన పెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి ట్రేసింగ్ పేపరు మీద పెన్సిల్‌తోనే రాయిస్తున్నాను, చిట్టీని సీసా లోపలే వేయిస్తున్నాను. మూత మీద రాసినది మూతలు మారితే తప్పుదారి పట్టిస్తుంది.

8. ట్రేలో వేరు చేయడం, గుర్తుపట్టడం

ఒకసారికి ఒక చెంచాడు నమూనా మాత్రమే ట్రేలో వేసి, నీరు పోసి, మొదట ఉట్టి కంటితో చూడండి. రంగు కలిసిపోయి కనిపించకపోతే చిటికెడు రోజ్ బెంగాల్ అనే రంగుపొడి వేసి కొన్ని గంటలు ఉంచండి; జీవుల కండ గులాబీ రంగుకు మారి నాచు నుంచి విడిగా తెలుస్తుంది. ఫొటోలు తీయదలచిన జీవులను రంగు వేయక ముందే ఏరి పెట్టుకోండి.

పెద్దవాటిని ఫోర్సెప్స్‌తో, 3 మిల్లీమీటర్లకు లోపు ఉన్నవాటిని తడి బ్రష్ కొనతో ఎత్తండి. తరువాత డిసెక్షన్ మైక్రోస్కోపు కింద ఈ ప్రశ్నలను ఇదే వరుసలో అడగండి.

అ. సున్నపు పలకల గూడులో, అడుగుకు అతుక్కొని ఉందా? అయితే బార్నకిల్. గూడు మీద ఊదారంగు నిలువు చారలు మాత్రమే ఉంటే ఆంఫిబలానస్ ఆంఫిట్రైట్ అని అనుమానించండి; నిలువు చారలను అడ్డచారలు కోస్తూ వలలా కనిపిస్తే ఆంఫిబలానస్ రెటిక్యులేటస్ కావచ్చు. నిర్ధారణకు లోపలి మూత పలకలను కూడా చూడాలి.

ఆ. మొండెం దాదాపు లేనట్టుండి, నాలుగు జతల పొడవాటి కాళ్ళే కనిపిస్తున్నాయా? అయితే సముద్ర సాలెపురుగు.

ఇ. రెండు పెంకుల మధ్య, పప్పుబద్దలా ముడుచుకొని ఉందా? అయితే ఆస్ట్రకోడ్.

ఈ. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండి, వెనక్కు సన్నబడుతూ, పొట్టి స్పర్శశృంగాలతో ఉందా? అయితే హార్పాక్టికాయిడ్ కోపెపోడ్. 500 మైక్రాన్ల జల్లెడలో వీటిలో చాలా భాగం జారిపోతుంది కాబట్టి వీటిని లెక్కలో చేర్చవద్దు.

ఉ. పైనుంచి కిందికి నొక్కినట్టు, చదునుగా ఉందా? అయితే ఐసోపోడ్. తాకగానే మిరియపు గింజలా గుండ్రంగా చుట్టుకుంటే స్ఫీరోమా ప్రజాతి (జీనస్) వైపు చూడండి. స్ఫీరోమా వాకెరిలో తోకపలక మీద బుడిపెల వరుసలు, తోక పక్కనున్న ఉపాంగపు బయటి అంచున రంపపు పళ్ళు ఉంటాయి.

ఊ. గొట్టంలా గుండ్రని శరీరం, ముందువైపు లావాటి కొండీలు ఉన్నాయా? అయితే టనాయిడ్.

ఋ. రెండు పక్కల నుంచి నొక్కినట్టుండి, ట్రేలో ఎప్పుడూ పక్కకు ఒరిగే పడుకుంటుందా? అయితే మామూలు ఆంఫిపోడ్.

ౠ. ఎండుపుల్లలా సన్నగా ఉండి, తోకభాగం కనీకనిపించనట్టుందా? అయితే కాప్రెల్లిడ్. ఇది కూడా ఆంఫిపోడే.

కాప్రెల్లిడ్ల దగ్గర కొంచెం సేపు నిలబడాలి, రేవు మోకుల మీద అత్యంత సమృద్ధిగా దొరికేవాటిలో ఇవి ఉంటాయి. బతికి ఉన్నప్పుడు ఇవి చివరి మూడు జతల కాళ్ళతో బ్రయోజోవన్ కొమ్మను గట్టిగా పట్టుకొని, ముందు భాగాన్ని నిలువునా లేపి, గొల్లభామ వేటకు నిలిచినట్టు కొండీలు చాచి ఊగుతాయి. అందుకే ఒక గుబురును ట్రేలో వేసి కదలకుండా చూస్తే, కాసేపటికి "కొమ్మలు" కదలడం మొదలవుతుంది.

గుర్తింపుకు వరుసగా చూడవలసినవి నాలుగు. మొదట తల: కాప్రెల్లా స్కౌరాలో తల మీద ముందుకు వంగిన ఒక ముల్లు ఉంటుంది. రెండవది, ఛాతీ మూడు, నాలుగు ఖండాలు: ఇక్కడ గుడ్డు ఆకారంలో ఉన్న మొప్పలు కనిపిస్తాయి, కాప్రెల్లా ప్రజాతిలో ఈ ఖండాలకు కాళ్ళు ఉండవు, పారాకాప్రెల్లాలో మాత్రం చాలా చిన్న కాళ్ళ మొలకలు ఉంటాయి. మూడవది, రెండో జత కొండీల ఆకారం, వాటి అరచేతి మీది పళ్ళు. నాలుగవది లింగం: ఆడజీవికి మూడు, నాలుగు ఖండాల కింద సంచి పలకలు ఉంటాయి. జాతి నిర్ధారణకు పూర్తిగా ఎదిగిన మగజీవినే తీసుకోండి. పిల్లలను, సగం ఎదిగినవాటిని జాతి పేరుతో రాయకండి, "కాప్రెల్లా ప్రజాతి పిల్లలు" అని విడిగా లెక్కించండి.

9. లెక్క

గుబురులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కాబట్టి ముడి సంఖ్యలను పోల్చకూడదు. 6వ భాగంలో కొలిచిన పరిమాణంతో భాగించి, 100 మిల్లీలీటర్ల గుబురుకు ఎన్ని జీవులో చెప్పాలి. ఉదాహరణకు 60 మిల్లీలీటర్ల గుబురులో 84 ఆంఫిపోడ్లు దొరికితే 84ను 60తో భాగించి 100తో గుణించగా 140 వస్తుంది. మరొక మోకు నుంచి వచ్చిన 150 మిల్లీలీటర్ల గుబురులో 120 దొరికినా, సాంద్రత 80 మాత్రమే. చూడటానికి రెండవదే నిండుగా ఉన్నా, సాంద్రతలో మొదటిదే పైచేయి. తలలు ఉన్నవాటినే లెక్కించండి. విరిగిన మొండేలను లెక్కిస్తే ఒక జీవి రెండుగా నమోదవుతుంది.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

జీవులు తెల్లగా, మెత్తగా, కాళ్ళు ఊడి ఉన్నాయి: నమూనా ఎక్కువ, ద్రవం తక్కువ అయింది. సీసాలో నమూనా పావువంతుకు మించకూడదు. మొదటి ఇరవై నాలుగు గంటల తరువాత ఆల్కహాలును మార్చండి, నమూనా నుంచి వచ్చిన నీరు దాన్ని పలచన చేస్తుంది.

ఒక్క కాప్రెల్లిడ్ కూడా రాలేదు: మోకును గట్టిగా లాగి, సంచి ఆలస్యంగా తొడిగి ఉంటారు, లేదా నాచు మాత్రమే ఉన్న గుబురు తీసి ఉంటారు. ముదురు గోధుమ, ఊదా రంగుల్లో చిన్న పొదలా ఉండే బుగులా నెరిటినా అనే బ్రయోజోవన్ గుబురులను వెతికి మళ్ళీ తీయండి.

సీసా అడుగున తెల్లని పొడి పేరుకుంది: ఫార్మలిన్‌ను సరిగా కడగలేదు. నీటితో మళ్ళీ కడిగి, కొత్త ఆల్కహాలు పోయండి.

బార్నకిల్ గూడు ఖాళీగా ఉంది: గీకేటప్పుడు పక్క నుంచి కోశారు. అడుగున ఉన్న మోకు పీచుతో సహా కోయాలి.

11. ఇంట్లో, కళాశాలలో భద్రపరచడం

మే నెలలో మన జిల్లాల ఎండకు సీసాల్లోని ఆల్కహాలు మూత బిగుతుగా ఉన్నా మెల్లగా తగ్గుతుంది. సీసా గోడ మీద ద్రవం మట్టానికి మార్కర్‌తో గీత గీసి, మార్చి చివర ఒకసారి, జూన్ చివర ఒకసారి చూడండి. గీత కంటే కిందికి దిగితే 70 శాతానిదే నింపండి. అలమరను పడమటి గోడకు కాకుండా ఉత్తరపు గోడకు పెట్టించండి, దాని దగ్గర దీపంగానీ పొయ్యిగానీ ఉండకూడదు.

ప్రతి జాతి నుంచి రెండు మంచి మగజీవులను, ఒక గర్భిణి ఆడజీవిని చిన్న సీసాల్లో విడిగా ఉంచి, ఆ చిన్న సీసాలను ఆల్కహాలు నింపిన ఒక పెద్ద సీసాలో పెట్టండి. పెద్ద సీసాలో వేసే చిట్టీ మీద రేవు పేరు, తేదీ, లోతు, తేలే కట్టడమా పాతినదా, పడవ రకం, సేకరించినవారి పేరు, గుర్తించినవారి పేరు ఉండాలి. అదే వివరాన్ని విభాగపు రిజిస్టరులో వరుస సంఖ్యతో ఆ రోజే ఎక్కించండి.